బిగించేవి, బిగుసుకునేవి

కొత్త ఫ్యాను కొనుక్కొస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి బిగిస్తాడు. వీధి మలుపులో పోలీసులు సీసీ కెమెరాలు బిగిస్తారు. కరెంటు వాళ్ళు మీటరు బిగిస్తారు. వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించడం తప్పా ఒప్పా అని ఆంధ్రప్రదేశ్‌లో రాజకీయ సభల్లోనే వాదులాడుకున్నారు. ఈ పనులన్నిటిలో పానా పట్టి తిప్పేది కాసేపే. అసలు పని తెచ్చిన వస్తువును దాని చోట కుదురుగా నిలపడం. పత్రికలవాళ్ళు ‘అమర్చారు’ అనో ‘ఏర్పాటు చేశారు’ అనో రాస్తే రాయొచ్చు, ఇంట్లో మాత్రం “ఏసీ ఇంకా బిగించలేదా?” అనే అడుగుతాం.

నడుం బిగిస్తే పని మొదలైనట్టు. పిడికిలి బిగిస్తే కోపమో, శపథమో. ఉచ్చు బిగిస్తే అవతలివాడి పని అయినట్టు. పళ్ళు బిగిస్తే బాధ ఓర్చుకుంటున్నట్టు. ఊపిరిని మాత్రం బిగించం, బిగబడతాం. సినిమా బాగోలేదని చెప్పాలంటే సమీక్షకుడికి ‘కథనంలో బిగి లేదు’ అన్న ముక్క చాలు. ఫొటో తీస్తానంటే బిర్రబిగుసుకుని నిలబడే పెద్దవాళ్ళు ప్రతి ఇంటి ఆల్బంలోనూ ఉంటారు.

బిగించిన నట్టు వేరు, బిగుసుకుపోయిన నట్టు వేరు. ఈ తేడా మెకానిక్కును అడగాలి. మొదటిది పానా వేస్తే వస్తుంది. రెండోదానికి కిరోసిన్ పోసి, సుత్తితో నాలుగు తట్టి, టీ తాగి రావాలి. ఎవరూ ముట్టుకోకుండానే అంత బిగువు ఎక్కడినుంచి వచ్చిందంటే తుప్పు వల్ల. ఇనుము తుప్పు పట్టినప్పుడు అసలున్న దానికి రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఉన్న సందంతా తుప్పే నిండి నట్టును లోపలినుంచి నొక్కేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పాత ఇళ్ళ స్లాబులు పెచ్చులూడేదీ ఇందుకే. లోపలి ఇనుప చువ్వ ఉబ్బి, మీదున్న కాంక్రీటును బయటికి తోసేస్తుంది.

ఇప్పుడు కిరోసిన్ బదులు చాలామంది వాడే నీలం డబ్బా స్ప్రే, డబ్ల్యూడీ-40, నట్ల కోసం పుట్టింది కాదు. 1953లో అమెరికాలో అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తడి తగలకుండా ఉండేందుకు తయారుచేశారు. తడిని తరిమే మందు కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది ఫలించింది కాబట్టి పేరులో ఆ అంకె చేరింది.

నట్టులో దాగిన స్ప్రింగు

బోల్టు సాగుతుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, సాగుతుంది. నట్టు తిప్పేకొద్దీ ఉక్కు బోల్టు వెంట్రుకవాసి పొడవు పెరుగుతుంది. పెరిగింది మళ్ళీ తన పొడవుకు రావాలని లాగుతుంటుంది. ఆ లాగుడే రెండు రేకుల్నీ కలిపి పట్టుకునేది. బిగువంటే ఇదే, సాగదీసిన వస్తువు వెనక్కి రావాలని చూడటం. వీణ తీగ మొదలు రైలు పట్టా దాకా ఈ వ్యాసంలో వచ్చే సగం విశేషాలకు మూలం ఇక్కడే ఉంది.

పానా మీద మనం పెట్టే బలంలో బోల్టును సాగదీయడానికి అక్కరకొచ్చేది ఇంచుమించు పదో వంతే. సగం దాకా నట్టు కింది రాపిడికీ, మిగతాది మరల మధ్య రాపిడికీ పోతుంది. అందుకే పొడి బోల్టు మీద పెట్టినంత బలమే నూనె రాసిన బోల్టు మీదా పెడితే అనుకున్నదానికంటే బాగా ఎక్కువ బిగుస్తుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. నూనె రాస్తే వదులవుతుందని భయపడేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

తెగేదాకా లాగకూడదని సామెతలా అంటాం. కొన్ని కార్ల ఇంజన్లలో సిలిండర్ హెడ్డును పట్టి ఉంచే బోల్టులను మాత్రం కావాలనే ఆ హద్దు దగ్గరకు లాగుతారు. లోహం తిరిగి మామూలు పొడవుకు రాలేనంతగా సాగే స్థితిలో ఆపుతారు. బిగింపు అన్నిటిలోనూ సమంగా రావాలంటే అదే నమ్మకమైన పద్ధతి. ఇలా ఒకసారి వాడిన బోల్టు మళ్ళీ పనికిరాదు, ఇంజను విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. డబ్బు మిగులుద్దామని పాతవే వేసే షెడ్డు కనిపిస్తే బండి వెనక్కి తిప్పుకోవడం మంచిది.

చక్రం మార్చేటప్పుడు నట్లను వరసగా గుండ్రంగా బిగించుకుంటూ పోకూడదు. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించాలి, లేకపోతే చక్రం ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. జాకీ ఎత్తకముందే నట్లను కాస్త వదులు చేసుకోవాలి, గాల్లోకి లేచాక చక్రమే తిరుగుతుంది తప్ప నట్టు రాదు. డిక్కీలో ఉండే ఆ అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. బ్రిటన్‌లోని వేల్స్‌లో లానెల్లీ అనే ఊరి స్టెప్నీ వీధిలో 1904లో మొదలైన కంపెనీ పేరది. అక్కడివాళ్ళు దాదాపు మరిచిపోయారు, మన టైరు షాపులవాళ్ళు వదలలేదు.

కుడికి తిప్పితే ఎందుకు బిగుస్తుంది?

మరలన్నీ కుడివైపు తిప్పితేనే బిగిసేలా ఎందుకు ఉంటాయి? ఎక్కువమందిది కుడిచేతి వాటం. మోచేయి మడిచి కుడి అరచేతిని బయటికి తిప్పేటప్పుడు భుజం కింద కండ సాయపడుతుంది, లోపలికి తిప్పేటప్పుడు అంత సాయం దొరకదు. స్క్రూడ్రైవరు పట్టుకుని రెండు వైపులా తిప్పి చూడండి, మీ చేతికే తెలుస్తుంది. ఎడమచేతి వాటం వాళ్ళకు దీనివల్ల చిక్కే. విప్పడంలో మాత్రం వాళ్ళే మొనగాళ్ళు.

ఎదురు మరలూ ఉన్నాయి. టేబుల్ ఫ్యాను రెక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ బిరడాను తుడవడానికి తీసేటప్పుడు తెలియక మామూలు వైపు తిప్పి మరింత బిగించేసినవాళ్ళు లెక్కలేనంతమంది. ఫ్యాను తిరిగే దిశ దాన్ని వదులు చేయకుండా ఎదురు మర పెట్టారు. సైకిలు ఎడమ పెడలుదీ అంతే. కుడి పెడలు మామూలుగా బిగుస్తుంది, ఎడమది తిరగేసి బిగుస్తుంది. రెండూ ఒకే వైపు మరలైతే తొక్కేకొద్దీ ఎడమ పెడలు కొంచెం కొంచెంగా వదులై ఏ వంతెన మీదో ఊడి చేతికొస్తుంది.

వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండరుకు కుడి మర, మండే ఎసిటిలీన్ సిలిండరుకు ఎడమ మర ఉంటుంది. పొరపాటున ఒకదాని పైపు రెండోదానికి ఎక్కకుండా చేసిన ఏర్పాటు. ఎడమ మర నట్టు అంచుల మీద చిన్న గాట్లు కనిపిస్తాయి. చీకట్లో వేలితో తడిమినా తేడా తెలియడానికి ఆ గాట్లు. న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో ఒకప్పుడు ఎదురు మర బల్బులు వాడేవారు, అక్కడ మాత్రం కారణం భద్రత కాదు, దొంగలు. ఇంటికి పట్టుకెళ్ళినా హోల్డరులో ఎక్కవు.

1841కి ముందైతే ఇంతకంటే పెద్ద గొడవ, ఏ షాపు మర ఆ షాపుదే. ఒక చోట చేసిన నట్టు ఇంకో చోట చేసిన బోల్టుకు పట్టేది కాదు. ఆ ఏడాది ఇంగ్లండు ఇంజినీరు జోసఫ్ విట్‌వర్త్ మర పళ్ళకు 55 డిగ్రీల కోణం ఖాయం చేసి, ఏ లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని చుట్లో పట్టిక రాసిచ్చాడు. తరువాత అమెరికన్లు 60 డిగ్రీలకు మారారు, నేటి మెట్రిక్ మరలదీ అదే కోణం. ఐదు డిగ్రీల తేడాయే కదా అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళ కాలపు పాత యంత్రానికి మెట్రిక్ నట్టు ఎక్కించి చూసిన ఫిట్టరుకు అది ఎంత తేడానో తెలుసు.

కుక్కరు మూత, విమానం అద్దం

20 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న కుక్కరు మూత వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. విజిల్ వచ్చే వేళకు లోపలి ఆవిరి బయటి గాలికంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో ఎక్కువ తోస్తుంది. అంటే మూతను లేపేయాలని మూడు క్వింటాళ్ళ బలం కింద కాచుకుని ఉంటుందన్నమాట. పప్పు ఉడికించడానికి ఇంత హడావిడా అనిపించినా, 120 డిగ్రీల వేడి దక్కేది ఆ ఒత్తిడి వల్లే.

ప్రెస్టీజ్ మూత గిన్నె అంచు మీదుగా బయట కూర్చుంటుంది. దాన్ని కింద పట్టి ఉంచేవి అంచున ఉండే లోహపు పట్లు. హాకిన్స్ మూత కోలగా ఉండి, ఏటవాలుగా లోపలికి దూరి, అడుగునుంచి పైకి ఆనుకుంటుంది. ఆవిరి ఎంత తోస్తే అంత బిగుస్తుంది. ఒత్తిడి దిగేదాకా ఎంత లాగినా రాదు. మా ఇళ్ళలో అత్తగారికొకటి, కోడలికొకటి నచ్చి వంటింట్లో రెండూ కాపురం చేస్తుంటాయి గానీ, సిద్ధాంతంగా చూస్తే రెండో పద్ధతి తెలివైంది. ప్రయాణికుల విమానాల తలుపులు చాలావరకు ఇలాగే లోపలినుంచి చట్రానికి ఆనుకునేలా చేస్తారు. పైన గాలి పలచబడేకొద్దీ క్యాబిన్‌లోని ఒత్తిడే తలుపును మూసి ఉంచుతుంది.

అన్నీ అలా చేయరు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో పైలట్ ముందు అద్దం బయటినుంచి బిగించే రకం. దాన్ని పట్టి ఉంచేవి 90 బోల్టులు. విమానం లేచిన పావుగంటలోపే, 17,300 అడుగుల ఎత్తున, కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ ఎదుటి అద్దం ఎగిరిపోయింది. గాలి ఆయన్ని నడుం దాకా బయటికి లాగేసింది. క్యాబిన్ సిబ్బందిలో నైజెల్ ఆగ్డెన్ పరుగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. చేతులు కొంకర్లుపోయాక మరొకరు అందుకున్నారు. ఆయన చనిపోయాడనే అనుకున్నారు, అయినా వదల్లేదు. కో పైలట్ ఆలస్టెయిర్ అచిసన్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపాడు. లాంకాస్టర్‌కు ఎముకలు విరిగాయి, చలికి చర్మం దెబ్బతింది, కానీ బతికాడు. కొన్ని నెలల్లో మళ్ళీ విమానం నడిపాడు.

విచారణలో తేలింది ఇది. ప్రయాణానికి ముందురోజు తెల్లవారుజామున, రాత్రి షిఫ్టులో ఆ అద్దం మార్చారు. పాత బోల్టును పక్కన పెట్టుకుని, కంటితో పోల్చి, స్టోరు డబ్బాలోంచి కొత్తవి ఏరుకున్నారు. 90లో 84 బోల్టులు ఉండాల్సినదానికంటే 0.66 మిల్లీమీటర్లు సన్నం. మిగతా ఆరూ లావు సరిపోయినా పొడవు చాలనివి. సన్నటి బోల్టు కూడా తిప్పుతుంటే బిగిసినట్టే ఉంటుంది. చేతికి వచ్చే ఆ గట్టిదనమే అక్కడ మోసం చేసింది.

నీళ్ళు పడితే ఏది బిగుస్తుంది, ఏది జారుతుంది

ఊరేగింపు మొదలవడానికి ముందు డప్పు కళాకారులు గడ్డో, కాగితాలో పోగేసి మంట వేసి, చుట్టూ చేరి డప్పులు కాస్తారు. చలి కాచుకోవడానికని తెలియనివాళ్ళు అనుకుంటారు. చెక్క చట్రం మీద సాగదీసి అంటించిన తోలు గాలిలోని తేమ పీల్చుకుని జారిపోతుంది. మంట సెగకు తేమ పోయి ముడుచుకుంటుంది. చట్రం దాన్ని ముడుచుకోనివ్వదు కాబట్టి బిగుస్తుంది. డప్పును సెగ మీద తిప్పుతూ మధ్యమధ్య వేలితో తట్టి వింటారు. ‘దబ్’ అన్నంతసేపూ కాస్తూనే ఉండాలి. ‘కణ్’ అని పలకగానే వెనక్కి తీయాలి, ఇంకాస్త ఉంచితే తోలు పగులుతుంది. అప్పుడు వాయించడానికి కుడిచేతిలోకి సిర్ర, ఎడమచేతిలోకి సిటికెన పుల్ల వస్తాయి. వర్షాకాలపు ఊరేగింపులో గంటకోసారి ఈ మంట తప్పదు. వాన పడే రోజుల్లో డప్పు వాళ్ళ భత్యం పెంచడం న్యాయమని నా అభిప్రాయం.

మృదంగంలో రెండు మూతులకు రెండు పద్ధతులు. కుడి మూతి శ్రుతి పెంచాలంటే అంచున ఉన్న అల్లిక మీద చిన్న కొయ్య ముక్క పెట్టి రాయితో కొడతారు. పైనుంచి కిందికి కొడితే తోలు వార్లు లాగి శ్రుతి పెరుగుతుంది, కిందినుంచి పైకి కొడితే తగ్గుతుంది. ఎడమ మూతికి కచేరీ ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్ద అంటిస్తారు. తడి బరువుకు ఆ తోలు నెమ్మదిగా ఊగి మంద్రంగా పలుకుతుంది. కచేరీ అయ్యాక గీకేస్తారు. డప్పుకు తడి శత్రువు, మృదంగం ఎడమ చెంపకు అదే అలంకారం.

కుడి మూతి మధ్యలో కనిపించే నల్లటి పూత గురించి విశాఖపట్నంలో చిన్నతనం గడిపిన సి.వి.రామన్ చాలా ఆలోచించాడు. మామూలు డోలు మీద కొడితే వచ్చే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, చప్పుడుగానే వినిపిస్తాయి. మృదంగం, తబలాల మీద ఆ పూత తోలు బరువును మధ్యకు చేర్చడం వల్ల స్వరాలు తీగ వాయిద్యంలో లాగా ఒద్దికగా వరసలో పడతాయని 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో రాశాడు. పరికరాలేవీ లేకుండా చెవితోనే ఆ పూత మందం తేల్చుకున్న పాత కాలపు తయారీదారుల పేర్లు ఎక్కడా లేవు.

తీగల సంగతి వేరు. వీణ మీద ఒక తీగను అదే పొడవులో పై స్థాయికి తేవాలంటే లాగుడు రెండింతలు చాలదు, నాలుగింతలు కావాలి. ఈ లెక్కను ఫ్రాన్స్‌లో మెర్సెన్ 1636లో గ్రంథస్థం చేశాడు. బిరడ తిప్పితే కొద్దికొద్దిగానే శ్రుతి పెరిగేది అందుకే. గమకం వాయించేటప్పుడు వైణికులు మెట్టు మీద తీగను పక్కకు లాగుతారు. ఆ క్షణానికి తీగ బిగువు పెరిగి స్వరం పైకి పాకుతుంది, వదిలితే దిగుతుంది. బొబ్బిలి వీణలో ఒకే పనస మానులోంచి తొలిచి కుండ, దండి కలిపి తీస్తారు. అతుకులు ఉండవు కాబట్టి తీగల లాగుడుకు విడిపోయే బెంగ లేదు.

తోలు తడిస్తే జారుతుంది. కర్ర తడిస్తే ఉబ్బుతుంది. ఎడ్లబండి చక్రం ఈ గుణం మీదే ఆధారపడి బతికింది. వడ్రంగి ఆకులూ, వాటి చుట్టూ వంపు చెక్కలూ కూర్చి చక్రం సిద్ధం చేస్తే, కమ్మరి దానికంటే కొంచెం చిన్నదిగా ఇనుప కట్టు చేసేవాడు. నేల మీద కట్టును పరిచి, చుట్టూ పిడకలూ కట్టెలూ పేర్చి నిప్పు పెట్టేవారు. కణకణలాడాక నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దింపి సుత్తులతో దిగగొట్టేవారు. చెక్క అంటుకుని పొగ లేచేది. వెంటనే బిందెలతో నీళ్ళు. ఇనుము చల్లారి కుదించుకుంటుంటే ఆకులు కుదురులోకి దిగిపోతూ చక్రమంతా కిర్రుమనేది. ఐదడుగుల చక్రం కట్టు 400 డిగ్రీలు వేడెక్కితే చుట్టుకొలత ఇంచుమించు ఒక అంగుళం పెరుగుతుంది. ఆ ఒక్క అంగుళంలోనే పనంతా ఉంది. మేకు అక్కరలేదు, జిగురు అక్కరలేదు.

ఎండాకాలం కర్ర ఎండి, కట్టు వదులై, బండి నడుస్తుంటే గలగలలాడేది. చెరువులో బండి దింపి చక్రాలు నానేదాకా ఉంచితే మళ్ళీ బిగుసుకునేది.

తాడు కూడా తడిస్తే బిగుస్తుంది. పీచు ఉబ్బి పురి గట్టిపడి పొడవు తగ్గుతుంది. 1586లో రోమ్‌లో 300 టన్నులు దాటిన ఏకశిలా స్తంభాన్ని డొమెనికో ఫోంటానా నిలబెడుతుంటే తాళ్ళు వేడెక్కి సాగిపోయాయట. ఎవరూ నోరు మెదపకూడదని ఆజ్ఞ ఉన్నా ఒక నావికుడు “తాళ్ళకు నీళ్ళు కొట్టండి” అని అరిచాడట. ఇది కథే కావచ్చు, కానీ నావికుడికి తెలిసిన భౌతికశాస్త్రం నిజం. నైలాను తాడుకు మాత్రం ఈ చిట్కా పనిచేయదు, తడిస్తే అది ఇంకా సాగుతుంది.

మంచం ప్రస్తావన లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. నులక మంచం వాడగా వాడగా నడుమ దిగబడి కుక్కి మంచం అవుతుంది. అందుకే అల్లిక కాళ్ళ వైపు కాస్త దూరంలో ఆపేసి, అక్కడినుంచి పట్టెకు తాడు విడిగా వేస్తారు. కుక్కి పడ్డప్పుడల్లా మంచమంతా విప్పకుండా ఆ కాసిని వరసలూ లాగి బిగిస్తే సరి.

మోకు, చిట్కి, పట్టా

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకును బిగించి కట్టరు. చెట్టుకూ నడుముకూ కలిపి వదులుగా తిరిగే చుట్టు అది. వెనక్కి వాలినప్పుడు అతని బరువే దాన్ని చెట్టుకు అదుముతుంది, ముందుకు వంగితే వదులై పైకి జరపడానికి వస్తుంది. వాలడం, వంగడం, ఎక్కడం. పాదాలకు గుజి, నడుముకు ముస్తాదు. వాలిన క్షణంలో తాడు తెగితే మాత్రం పట్టుకునేది ఏదీ లేదు, అలా పోయినవాళ్ళూ నడుం విరిగి మంచాన పడ్డవాళ్ళూ తెలంగాణలో ప్రతి గీత పల్లెలోనూ ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో పంచడం మొదలుపెట్టిన కిట్లు, జారినా చెట్టుకు పట్టి ఉంచడానికి ఉద్దేశించినవి.

పోచంపల్లి, పుట్టపాకల్లో చిట్కి (ఇకత్) కట్టేవాళ్ళు నూలును చట్రం మీద లాగి పట్టి, డిజైన్ ప్రకారం రంగు ఎక్కకూడని చోట్ల సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరుతో బిగించి చుడతారు. కట్టు కొంచెం వదులైనా రంగు లోపలికి పాకుతుంది. ఎంత బిగించినా అంచున కాస్త పాకుతుంది కూడా. ఆ చెదిరిన అంచే అసలు ఇకత్‌కు గుర్తు. అంచులు గీసినట్టు తిన్నగా ఉండి, వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తే అది అచ్చు వేసిన గుడ్డ.

కిలోమీటరు పొడవున్న ఉక్కు రైలు పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 46 సెంటీమీటర్లు పెరగాలి. పూర్వం పట్టాల మధ్య సందు వదిలేవారు, అందుకే రైలు టకటకమంటూ పోయేది. ఇప్పుడు పట్టాలను వెల్డింగు చేసి కలిపేస్తున్నారు. మరి ఆ 46 సెంటీమీటర్లు ఎటు పోతాయి? ఎటూ పోవు. వంపు తిరిగిన ఉక్కు క్లిప్పులు పట్టాను స్లీపర్లకు అదిమిపెట్టి పెరగనివ్వవు. ఎండకు పెరగలేక పట్టా లోపల ఒత్తిడి, చలికి కుదించుకోలేక లాగుడు మిగులుతాయి. రెండూ హద్దు మీరకుండా, ఏడాది పొడవునా ఉండే వేడికి నడిమధ్య ఉన్న ఉష్ణోగ్రతలో పట్టాను క్లిప్పులకు బిగిస్తారు. కీమ్యాన్ సుత్తి పట్టుకుని రోజూ తన వంతు దూరం నడిచి, జారిన క్లిప్పును కొట్టి సరిచేస్తాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆయన నడక మరీ ముఖ్యం.

ఒంట్లో బిగింపులు

కండరం బిగుసుకోవడానికి శక్తి కావాలని అందరికీ తెలుసు. వదులు కావడానికీ కావాలి, ఇది చాలామందికి తెలియదు. ఒకదానిలోకి ఒకటి చొరబడిన రెండు రకాల పోగులు విడిపోవాలంటే ఏటీపీ అనే ఇంధనం వచ్చి విడదీయాలి. చనిపోయాక ఆ ఇంధనం తయారు కాదు కాబట్టి కొన్ని గంటల్లో శరీరం కొయ్యబారుతుంది. కనురెప్పలు, దవడ ముందు బిగుసుకుంటాయి. మళ్ళీ సడలేది శక్తి వచ్చి కాదు, ఆ పోగులే శిథిలమై. మన ఎండలకు ఈ రెండూ తొందరగా జరుగుతాయి. ఎవరైనా పోయిన వెంటనే పెద్దవాళ్ళు కళ్ళు మూసి, కాళ్ళూ చేతులూ సరిచేసేది అందుకే. ఆలస్యమైతే కుదరదు.

బతికి ఉండగానే దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే వస్తుందని భయపడతాం, కానీ తుప్పుది తప్పు కాదు. మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి లోతైన గాయంలో గాలి తగలని చోట విషం తయారుచేస్తుంది. ముల్లు గుచ్చుకున్నా రావొచ్చు. గర్భిణులకు వేసే టీకాల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల పురిటి పిల్లల ధనుర్వాతాన్ని భారతదేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువీకరించింది.

పాము కరిచినప్పుడు పైన తాడు బిగించి కట్టొద్దు. సినిమాల్లో చూసిన అలవాటు ఇంకా పోలేదు. కట్టు బిగిస్తే విషం ఆగదు, రక్తం అందక కాలో చెయ్యో కుళ్ళే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో ఒక్కసారిగా విప్పితే పరిస్థితి విషమించొచ్చు. కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా బద్ద కట్టి, నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ కూడా బిగింపే. ఇటలీ డాక్టరు రీవా రోచి 1896లో దాన్ని తెచ్చాడు. రక్తనాళం పూర్తిగా మూసుకునేదాకా గాలి కొట్టి, మెల్లగా వదులుతూ మణికట్టు దగ్గర నాడి ఎప్పుడు తిరిగొస్తుందో చూసేవాడు. వదులుతున్నప్పుడు స్టెతస్కోపులో టకటకా వినిపించే చప్పుళ్ళను 1905లో రష్యా డాక్టరు కొరోట్‌కాఫ్ చెప్పాక రెండో అంకె కూడా దొరికింది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. మందు మొదలుపెట్టే ముందు పట్టీ కొలత అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

స్టీలు గ్లాసులు, అంతరిక్షం

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసుల్ని నేలకేసి కొట్టి సొట్టలు పెట్టేవాళ్ళ కోసం ఒక మాట. పై గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, కింది గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. లోపలిది కుదించుకుంటుంది, బయటిది వ్యాకోచిస్తుంది, మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది. బండి చక్రం కట్టు ఎక్కించిన పద్ధతే, తిరగేసి. పచ్చడి సీసా రేకు మూత రాకపోతే దాన్నీ వేడినీళ్ళ కింద పట్టొచ్చు, గాజుకంటే రేకు ఎక్కువ వ్యాకోచిస్తుంది.

ఇంత చేసినా రాని బోల్టు ఒకటి 2009 మేలో హబుల్ టెలిస్కోపు దగ్గర తగిలింది. లోపలి స్పెక్ట్రోగ్రాఫ్ అనే పరికరం పాడైతే బాగుచేయడానికి మైక్ మాసిమినో అనే వ్యోమగామి వెళ్ళాడు. దాని మూతకు వందకు పైగా చిన్న స్క్రూలు. విప్పాల్సిన అవసరమే రాదనుకుని భూమి మీద బిగించినవి. విప్పిన స్క్రూ ఒక్కటి తేలిపోయినా ప్రమాదమని, అన్నిటినీ పట్టి ఉంచే పారదర్శకమైన పలక ఒకటి ప్రత్యేకంగా తయారుచేసి పంపారు. తీరా చూస్తే ఆ స్క్రూల దాకా వెళ్ళకముందే, అడ్డంగా ఉన్న చేతిపట్టీ బోల్టు తల అరిగిపోయి పనిముట్టుకు పట్టు దొరకలేదు. కిందున్న ఇంజినీర్లు హడావిడిగా పరీక్ష చేసి, లాగితే వస్తుందని కబురు పెట్టారు. మాసిమినో దాన్ని పట్టుకుని ఊడబెరికాడు. ఆ తరువాత వంద పైచిలుకు స్క్రూలూ సవ్యంగా వచ్చాయి, స్పెక్ట్రోగ్రాఫ్ మళ్ళీ పనిలో పడింది.